‘స్ట్రైకు’ అనే మాట పుట్టుపూర్వోత్తరాలు

మన వర్లీ చాళ్లలో ఇంగ్లీషు అక్షరం ముక్క రానివారి నోట కూడా స్థిరపడిపోయిన ఇంగ్లీషు మాటలు కొన్ని ఉన్నవి. మిల్లు, షిఫ్టు, డ్యూటీ, పాసు, బోనసు ఇటువంటివి మనకు పరాయి మాటలుగా తోచవు. చెంబు, పళ్లెం వలె ఇంట్లోని సామానుగానే తోస్తాయి. ఈ మాటలన్నింటిలోను బరువైనది ‘స్ట్రైకు’. కొన్ని ఊళ్లలో కాలాన్ని వరదకు ముందు, వరదకు తరువాత అని లెక్క కడతారు. మన చాళ్లలో పెళ్లిళ్లు, పురుళ్లు, చావులు అన్నీ స్ట్రైకుకు ముందు, స్ట్రైకుకు తరువాత అనే లెక్కలోనే వస్తాయి. ఏ స్ట్రైకు అని ఎవరూ అడగరు. 1982 జనవరి 18న మొదలైన గిర్నీ స్ట్రైకు అని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇంతగా మనల్ని పట్టుకొన్న ఈ మాట అసలు ఎక్కడ పుట్టినది, ఏ దారిన వచ్చినది, దానికి ఎన్ని అర్థాలు ఉన్నవి అని విచారించటం ఉగాది సంచికకు తగని పని కాదని తలచినాము. మేము పండితులం కాము. మెట్రిక్‌తో చదువు ముగించి రైల్వేలో గుమస్తాగిరి చేసుకొనే వారము. కాని గుమస్తాకు కాగితంతోను, కాగితం మీది మాటతోను రోజూ పని. ఆ అలవాటు చొప్పున తెలిసినంతవరకు ఇక్కడ వ్రాస్తున్నాము.

బడిలో మనమందరం ‘స్ట్రైక్, స్ట్రక్, స్ట్రక్’ అని వల్లె వేసినవారమే. దాని ఎదుట తెలుగులో ‘కొట్టు’ అని అర్థం వ్రాసి ఉండేది. అంతటితో పాఠం అయిపోయేది. కాని వెయ్యేళ్ల క్రితపు ఇంగ్లీషులో ఈ క్రియకు కొట్టుట అనే అర్థమే లేదు. ఆనాడు దీని రూపం ‘స్ట్రీకాన్’. అర్థం మెల్లగా నిమురుట, చేత్తో రాయుట, సాగిపోవుట. పిల్లిని నిమరడానికి నేడు ఇంగ్లీషులో వాడే ‘స్ట్రోక్’ అనే మాట దీనికి అక్కచెల్లెలు. గీత అనే అర్థం గల ‘స్ట్రీక్’ కూడా ఆ ఇంటిదే. జర్మను భాషలోని ‘ష్ట్రైఖెన్’ అనే క్రియకు నేటికీ నిమురుట, పూయుట అనే అర్థాలున్నవి. పదునాలుగవ శతాబ్దం వచ్చేసరికి ఇంగ్లీషులో నిమిరే చెయ్యి కొట్టే చెయ్యి అయినది. మనుషులకు వయసు మీద స్వభావం మారినట్లే మాటలకు కూడా మారుతుంది గాబోలు.

అయినా పాత అర్థం పూర్తిగా చావలేదు. ధాన్యం కొలిచేటప్పుడు మానిక మీద గోపురంగా లేచిన గింజలను ఒక కర్రతో చదునుగా రాసివేస్తారు గదా. ఆ కర్రకు ఇంగ్లీషు పల్లెల్లో ‘స్ట్రైక్’ అని పేరు. ఆ కర్రతో చదును చేసిన కొలతకు కూడా అదే పేరు వచ్చినది. అగ్గిపుల్ల విషయం చూడండి. ఇంగ్లీషువాడు అగ్గిపుల్లను ‘స్ట్రైక్’ చేస్తాడు. మనం అగ్గిపుల్లను కొట్టము, గీస్తాము. అక్కడ జరిగే పని రాపిడియే గాని దెబ్బ కాదు. కనుక ఈ ఒక్క చోట మన తెలుగు మాట ఇంగ్లీషువాడి తాతల అర్థాన్నే చెబుతున్నది.

ఇక కొట్టుట అనే అర్థం నుండి పుట్టిన పిల్లలు ఎందరో! గడియారం ‘స్ట్రైక్’ చేస్తుంది. మనకు కూడా గడియారం గంట కొడుతుంది. టంకశాలలో నాణెం ‘స్ట్రైక్’ చేస్తారు. బేరం కుదిరితే ‘స్ట్రైక్’ అంటారు. మనం మాత్రం బేరం కుదుర్చుకొంటాము, కొట్టము. భూమి త్రవ్వగా బంగారం గాని, నూనె గాని పడితే దానికీ ఇదే మాట. మనసుకు ఒక ఆలోచన తట్టితే అదీ ‘స్ట్రైక్’. చూపును పట్టి లాగే వస్తువును ‘స్ట్రైకింగ్’ అంటారు. మన పెద్దలు దానినే ‘కొట్టొచ్చినట్లు కనపడుతున్నది’ అన్నారు. వేల మైళ్ల దూరంలో ఉన్న రెండు జాతులవారు ఒకరిని ఒకరు అడగకుండానే ఒకే పోలిక పట్టుకొన్నారంటే ఆశ్చర్యం కాదా? పక్షవాతం వచ్చినవారిని గురించి మన చాళ్లలో ‘స్ట్రోక్ వచ్చినది’ అంటాము. అది కూడా ఈ వంశంలోని నామవాచకమే. సాయంత్రం చాళ్ల వరండాలో క్యారమ్ బోర్డు చుట్టూ చేరిన కుర్రాళ్లు వేలితో తోసే ఆ తెల్లని బిళ్ల ‘స్ట్రైకర్’. అమెరికావారి బేస్‌బాల్ ఆటలో మాత్రం చిత్రం. అక్కడ ఆటగాడు బంతిని కొట్టలేకపోతే దానిని ‘స్ట్రైక్’ అంటారు!

మన ‘కొట్టు’ కూడా తక్కువ తిన్నది కాదు. చప్పట్లు కొడతాము, ఈల కొడతాము, ఈత కొడతాము, టెంకాయ కొడతాము, టైపు కొడతాము, డబ్బా కొడతాము. ఎండ కొడుతుంది, వాసన కొడుతుంది. సరుకులు అమ్మే చోటు కూడా కొట్టే. ఇంగ్లీషు నేర్చుకొనే పరాయివాడికి ‘స్ట్రైక్’ ఎంత చిక్కో, తెలుగు నేర్చుకొనే మరాఠీ కోడలికి ‘కొట్టు’ అంత చిక్కు.

మా వృత్తికి సంబంధించిన అర్థం ఒకటి ఉన్నది. ప్రతి దరఖాస్తు ఫారం మీద అడుగున చిన్న అక్షరాలతో ‘వర్తించనిది కొట్టివేయుము’ అని అచ్చు వేసి ఉంటుంది. ఇంగ్లీషులో ఇది ‘స్ట్రైక్ అవుట్’. మస్టరు రోలులో పేరు తీసివేస్తే ‘స్ట్రక్ ఆఫ్’. కలంతో అడ్డంగా ఒక గీత గీయటమే గదా ఆ పని. గీత, రాపిడి, కొట్టివేత అన్నీ ఒక చోట కలిసిన అర్థం ఇది. గుమస్తా కలానికి అది అర నిమిషం పని. ఆ గీత క్రింద ఉన్న పేరుగల మనిషికి మాత్రం అది జీవితం. ఈ సంగతి ముందు ముందు మళ్లీ వస్తుంది గనుక చదువరులు గుర్తుంచుకొనవలెను.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. పని మానుటకు ‘కొట్టుట’ అనే పేరు ఎందుకు వచ్చినది? కార్మికులు ఎవరిని కొట్టినారు?

జవాబు సముద్రం మీద ఉన్నది. ఓడవారి భాషలో ‘స్ట్రైక్’ అంటే తెరచాపను దించుట. మధ్యయుగాల నుండి ఈ వాడుక ఉన్నది. యుద్ధంలో ఓడిన నౌక జెండా దించినా ఇదే మాట. దండు కదిలేటప్పుడు డేరాలు పీకి మడిచినా ఇదే మాట. 1768వ సంవత్సరంలో లండను రేవులో తిండి గింజల ధరలు మండిపోయినవి, నావికుల జీతాలు మాత్రం పెరగలేదు. ఆ ఏడు మే నెలలో నావికులు గుంపులుగా ఒక ఓడ నుండి మరొక ఓడకు పోయి తెరచాపలను దించివేసినారు. జీతం పెంచే వరకు ఏ ఓడా కదలరాదని వారి పట్టు. థేమ్స్ నది మీద ఓడలు నిలిచిపోయినవి. వారి తెరచాప దించే మాటయే పని నిలుపుటకు పేరై నిలిచినది. అప్పుడే ఆ రేవులో బొగ్గు దించే కూలీలు కూడా తిరగబడినారు. వారిలో ఏడుగురిని ఆ సంవత్సరం జూలైలో షాడ్‌వెల్‌లో ఉరి తీసినారు. మనం ఇంత తేలికగా వాడే మాట వెనుక ఏడు ఉరిత్రాళ్లు కూడా ఉన్నవన్నమాట.

కాబట్టి స్ట్రైకు అంటే మొదట దించుటయే గాని కొట్టుట కాదు. చేతిలో ఉన్న పనిని దించి, కదలక నిలుచుట. ఈ భేదం చిన్నది కాదు. పేపర్లు చదివేవారిలో చాలామంది స్ట్రైకు అనగానే ఎవరో ఎవరినో కొట్టినట్లు ఊహించుకొంటారు. మాట పుట్టుక తెలిస్తే ఆ ఊహ పోతుంది.

పని నిలుపుట అనేది మాట కన్న చాలా పాతది. ఇప్పటికి సుమారు 3,200 సంవత్సరాల క్రితం ఈజిప్టు దేశంలో మూడవ రామ్సెస్ రాజు కాలాన, రాజుల సమాధులు చెక్కే పనివారికి జీతంగా రావలసిన ధాన్యం వేళకు అందలేదు. వారు పనిముట్లు వదలి, పోయి గుడుల దగ్గర కూర్చొన్నారు. ఆ సంగతి ఒక లేఖకుడు పాపిరస్ కాగితం మీద వ్రాసి పెట్టినాడు. అతడు కూడా ఒక గుమస్తాయే గదా అని మాకు కొంచెం గర్వం.

ఇతర భాషలవారు ఈ పనికి పెట్టుకొన్న పేర్లు చూస్తే ఒక్కొక్క జాతి ఒక్కొక్క వైపు నుండి చూసినట్లు కనిపిస్తుంది. ఫ్రెంచివారు ‘గ్రేవ్’ అంటారు. గ్రేవ్ అంటే ఇసుక, గులకరాళ్ల ఒడ్డు. పారిస్ నగరంలో సేన్ నది ఒడ్డున ఆ పేరు గల మైదానం ఒకటి ఉండేది. పని లేనివారు తెల్లవారగానే అక్కడికి వచ్చి నిలబడేవారు, పని ఇచ్చేవారు వచ్చి పిలుచుకొని పోయేవారు. ‘గ్రేవ్‌లో ఉన్నాడు’ అంటే మొదట పని కోసం చూస్తున్నాడని. పోను పోను పని మానినాడని అయినది. ఇది చదివినప్పుడు మాకు మన ముంబయి నాకాలు తలపునకు వచ్చినవి. పాలమూరు నుండి వచ్చిన మన తాపీ కూలీలు తట్ట, పార పట్టుకొని ఉదయం నాకా మీద నిలబడటం చూడనివారు మనలో ఎవరు? పారిస్ గ్రేవ్, మన నాకా ఒక్కటే.

స్పెయిన్ దేశంవారు ‘వెల్గా’ అంటారు. దాని మూలక్రియకు విశ్రాంతి తీసుకొనుట అని అర్థం. గుజరాతీవారి మాట ‘హడ్‌తాల్’. హాట్ అంటే అంగడి, తాళా అంటే తాళం. అంగడికి తాళం వేయుట. వర్తకుల జాతి గనుక వారికి అంగడి తలుపే తట్టినది. రౌలట్ చట్టానికి ప్రతిగా 1919 ఏప్రిల్ 6న గాంధీజీ దేశమంతటా ఇచ్చిన పిలుపు ఈ మాటతోనే. తెలుగు పత్రికలలోకి అది ‘హర్తాళ్’గా వచ్చినది.

మన చాళ్లలో అందరి నోట నలిగిన మరాఠీ మాట ‘సంప్’. ఈ మాటకు మరాఠీలో పొత్తు, కట్టు అనే అర్థాలుండేవి. గుజరాతీలో నేటికీ ‘సంప్’ అంటే ఐకమత్యం. పనిని కాక, కలిసి ఉండుటను చూసి పెట్టిన పేరు ఇది. మన తెలుగులో ‘సమ్మె’ అంటాము. ‘జట్టు కట్టు’ అన్నట్లే ‘సమ్మె కట్టు’ అనే నుడి ఉన్నది. కట్టు అనే మాట అందులోనూ ఉన్నది చూడండి. 2011 సెప్టెంబరు 13 నుండి తెలంగాణలో 42 రోజులు సాగిన ఉద్యమానికి ‘సకల జనుల సమ్మె’ అని పేరు పెట్టినప్పుడు ఈ తెలుగు మాట గడప గడపకు చేరినది. ఆ రోజులలో మన చాళ్లలో ఊరి నుండి ఫోన్ రాని ఇల్లు లేదు.

తెలుగు మాట ఇంగ్లీషు మాట కన్న మేలుగా పలికిన చోటు ఒకటి ఉన్నది. తిండి మాని కోరిక సాధించుకొనుటను ఇంగ్లీషులో ‘హంగర్ స్ట్రైక్’ అంటారు. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న మద్రాసులో ఆరంభించి, డిసెంబరు 15న ప్రాణాలు విడిచేవరకు చేసినదానికి ఇంగ్లీషు పత్రికలు ఆ పేరే వ్రాసినవి. మనం ‘నిరాహార దీక్ష’ అన్నాము. ఒకటి పోరాటపు మాట, రెండవది వ్రతపు మాట. అదే పని, కాని పేరు మారగానే చూపు మారిపోయినది.

ఇక మన బొంబాయి సంగతి. నిజాం రాజ్యం నుండి వచ్చి కోటలు, రోడ్లు, మేడలు కట్టిన తెలుగు కూలీలను ఈ నగరం కామాఠీలు అన్నది. వారు కాపురమున్న చోటు కామాఠిపుర అయినది. 1854లో తాడ్‌దేవ్‌లో కావస్‌జీ నానాభాయి దావర్ మొదటి నూలు మిల్లుకు కంపెనీ పెట్టినాడు, 1856లో అది పని ఆరంభించినది. అటు తరువాత కరీంనగరం, నల్లగొండ, వరంగల్లు ప్రాంతాల నుండి మగ్గం విడిచిన పద్మశాలీలు పరేల్, వర్లీ వైపు రాసాగినారు. ఇంటి మగ్గం మీద కూర్చొన్నవాడు మిల్లు సాంచాల మధ్య నిలబడినాడు. సూర్యుణ్ణి చూసి లేచినవాడు భోంగా కూతకు లేవటం నేర్చుకొన్నాడు.

ఆదివారం సెలవు కూడా ఊరికే రాలేదు. ఫూలే గారి సత్యశోధక సమాజంలో పెరిగిన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయి మిల్లు కార్మికుల సంఘం పెట్టి, 1890లో వారపు సెలవును సాధించినారు. బొంబాయిలో ఆ సమాజానికి అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి తెలుగు పెద్దలున్నారు. కామాఠీ అంటే తట్ట మోసినవాడే కాదు, ఆలోచన మోసినవాడు కూడా అని మన పిల్లలకు చెప్పవలెను.

1908 జూలైలో లోకమాన్య తిలక్‌కు ఆరు సంవత్సరాల శిక్ష పడినప్పుడు మిల్లు కార్మికులు ఏడాదికి ఒక రోజు చొప్పున ఆరు రోజులు పని మానినారు. కూలి కోసం కాక ఒక మనిషి కోసం జరిగిన స్ట్రైకు అది. 1928లో ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు దాదాపు లక్షా యాభై వేల మంది సంప్‌లో నిలిచినారు. ఎర్రజెండా గిర్నీ కామ్‌గార్ యూనియన్ ఆ ఏడే పుట్టినది.

మా రైల్వేకు కూడా ఒక స్ట్రైకు ఉన్నది. 1974 మే 8న జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వాన మొదలై మే 27న ముగిసినది. దేశమంతటా సుమారు 17 లక్షల మంది అందులో ఉన్నారని లెక్క. వేలమంది జైళ్లకు పోయినారు, క్వార్టర్ల నుండి కుటుంబాలను వెళ్లగొట్టినారు, ఉద్యోగాలు పోయినవారు ఎందరో. 1977లో ప్రభుత్వం మారి మధు దండవతే రైల్వే మంత్రి అయిన తరువాత తీసివేసినవారిని తిరిగి చేర్చుకొన్నారు. ఆనాడు అడిగిన బోనసు 1979లో వచ్చినది. ప్రతి దసరాకు మేము అందుకొనే ఆ సొమ్ము మా కన్న ముందటి తరం వారు తిన్న దెబ్బలకు వచ్చిన వడ్డీ.

1982 కథ అట్లా ముగియలేదు. సుమారు రెండున్నర లక్షల కార్మికులు, అరవైకి పైగా మిల్లులు. 1946 నాటి బొంబాయి చట్టం ప్రకారం కార్మికుల తరఫున మాట్లాడే హక్కు ఒకే యూనియన్‌కు ఉండేది. దానిమీద నమ్మకం పోయినవారు డాక్టర్ దత్తా సామంత్ వెంట పోయినారు. జీతం, సెలవులు, బదలీ కార్మికుల స్థిరత్వం వారు అడిగిన వాటిలో ముఖ్యమైనవి. ఏడాది గడచినది, ఏడాదిన్నర గడచినది. 1983 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పదమూడు మిల్లుల యాజమాన్యాన్ని చేతిలోకి తీసుకొన్నది. స్ట్రైకు ముగిసినదని ఎవరూ చాటింపు వేయలేదు. అది ముగియకుండానే మాయమైనది. మేము అప్పటికి పుట్టలేదు. మాకు తెలిసినదంతా పెద్దల నోట విన్నదే.

వారు చెప్పినది ఏమంటే: మొదటి నెలలు పండుగ వలె ఉన్నవి. తరువాత ఇత్తడి బిందెలు మార్వాడీ కొట్టుకు పోయినవి. తరువాత పుస్తెలలోని బంగారం పోయినది. మగవారిలో కొందరు ఊరికి పోయి మళ్లీ సాంచా పట్టినారు, కొందరు భివండీకి పోయినారు. ఆడవారు బీడీలు చుట్టినారు, మేడలలో పాత్రలు కడిగినారు. పెద్ద పిల్లవాడు బడి మానితే చిన్నవాడు బడిలో నిలిచినాడు. పని నిలిపినవారి పేర్ల మీద గీత పడినది. ఇంగ్లీషులో చెప్పితే రెండింటికీ ఒకటే మాట. ఒకడు ‘స్ట్రైక్’ చేసినాడు, వాడి పేరు ‘స్ట్రైక్’ చేసినారు.

ఈ స్ట్రైకు తప్పా ఒప్పా అని నేటికీ మన వరండాలలో వాదం ఆగలేదు. స్ట్రైకే మిల్లులను చంపినదని ఒక పక్షం. యంత్రాలు పాతబడినవి, భివండీ మరమగ్గాల బట్ట చవక అయినది, మిల్లు నేల ధర మిల్లు బట్ట ధరను మించిపోయినది, స్ట్రైకు లేకపోయినా అవి మూతపడేవేనని రెండవ పక్షం. 1991లో మిల్లు భూముల నిబంధనలు మారిన తరువాత పొగగొట్టాల చోట గాజు మేడలు లేచిన మాట అందరం చూస్తున్నదే. తీర్పు చెప్పే యోగ్యత మాకు లేదు. ఒక్క మాట మాత్రం చెప్పగలము. తండ్రి స్ట్రైకులో నిలిచినందుకు ఇల్లు చెడినదని లోలోపల కోపం పెట్టుకొన్న కొడుకులు మన చాళ్లలో ఉన్నారు. స్ట్రైకులో నిలిచినందుకు సిగ్గుపడి నోరు మెదపని తండ్రులు ఉన్నారు. వారు ఎవరినీ కొట్టలేదు. గాలి ఎదురుగా వీచినప్పుడు తెరచాప దించినారు. మళ్లీ ఎత్తే రోజు రాలేదు. అది వారి నేరం కాదు. ఈ మాట పుట్టుక తెలుసుకొన్నందువలన మాకు కలిగిన లాభం ఇదే.

మాట అర్థం నేటికీ మారుతూనే ఉన్నది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో స్ట్రైకు అంటే కార్మికులు కూడి ఒక్కటిగా పని నిలుపుట. 2020లో చేసి 2025 నవంబరు 21 నుండి అమలులోకి తెచ్చిన కొత్త కోడులో దీనికి ఒక వాక్యం కలిసినది. ఒక సంస్థలో నూటికి యాభై మంది గాని అంతకు మించి గాని ఒకే రోజు క్యాజువల్ సెలవు పెట్టినా అది స్ట్రైకే. నిఘంటువు మార్చితే పండితులు వాదించుకొంటారు. చట్టంలో అర్థం మార్చితే జీతగాడి ఇంట్లో లెక్క మారుతుంది. కనుక మాటల అర్థం తెలుసుకొనుట పండితులకే వదలివేయదగిన పని కాదు.

చివరకు ఒక మంచి అర్థంతో ముగిస్తాము. తోటమాలుల ఇంగ్లీషులో ‘స్ట్రైక్’ అంటే వేరు పట్టుట. కొమ్మను నరికి వేరొక చోట నాటితే, అది వేరు తొడిగి నిలిస్తే ‘స్ట్రక్’ అంటారు. పని మానుటకు, దెబ్బ కొట్టుటకు, పేరు తీసివేయుటకు, వేరు పట్టుటకు ఒకే మాట! కరీంనగరం నుండి, నల్లగొండ నుండి, పాలమూరు నుండి తెచ్చి ఈ ఉప్పుగాలిలో నాటిన కొమ్మలము మనం. వర్లీలో 1920ల నాడు బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్టుమెంటువారు కట్టిన 121 చాళ్లలో 160 చదరపు అడుగుల ఖోలీలు మన కుండీలు. ఇప్పుడు ఆ చాళ్లు ఒక్కొక్కటే నేలకు దిగుతున్నవి. 2025 ఆగస్టులో మొదటి 556 కుటుంబాలకు కొత్త మేడలలో ఇళ్లు ఇచ్చినారు. గది పెద్దదైనది, వరండా పోయినది. వరండా పోతే ఈ మాటలు చెప్పుకొనే చోటు కూడా పోతుంది.

కాబట్టి సంఘం పెద్దలకు మా విన్నపం ఒకటి. గిర్నీలో పని చేసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. భోంగా, సాంచా, పాళీ, బదలీ, పగార్, సంప్ అనే మాటలు వారి నోట ఉన్నవి. ఒక నోటుబుక్కు, ఒక కలం, చదువుకొన్న ఒక పిల్లవాడు ఉంటే చాలు. ఆదివారం పూట ఒక్కొక్కరి ఇంటికి పోయి అడిగి వ్రాయించవలెను. అడగటానికి కొడుకులు మొగమాటపడితే మనుమలు పోవలెను. ఆ ముసలివారి పేర్ల మీద మస్టరు రోలులో ఎవరో గీత గీసినారు. మన పుస్తకంలో ఆ పేర్లు మళ్లీ వ్రాయటం మన చేతిలోని పనియే.

చదువరులకందరకు, వారి పిల్లాపాపలకు నూతన సంవత్సర శుభాకాంక్షలు. ఉగాది పచ్చడిలో చేదు కూడా ఉన్నదని మరువక, తీపిని వదలక, అందరం వేరు పట్టి చల్లగా ఉందుము గాక.